సీరియల్లో ఇంటి పెద్ద చనిపోయాక మిగతా పాత్రల దుఃఖం ఎలా చూపించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒంగోలు దగ్గర ఒక పొగాకు రైతు కుటుంబం మీద డైలీ సీరియల్ రాస్తున్నారు. కథలో నాయన గుండెపోటుతో పోతాడు. ఛానల్ వాళ్ళు వారమంతా కన్నీళ్ళు కావాలంటున్నారు. అందరూ గుండెలు బాదుకుని ఏడిస్తే అతిగా, అబద్ధంగా ఉంటుందేమోనని మీ భయం. ఏ పాత్ర ఎలా బాధపడాలి, అది ఎన్ని ఎపిసోడ్లు నడవాలి అని అడిగారు.

నేను కావలి వైపు పల్లెలో పుట్టాను. చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లో సీరియల్స్‌కి సీన్లు, డైలాగులు రాస్తున్నాను. చావు సీన్లు చాలానే రాశాను. వివరంగా చెబితేనే పనికొచ్చే విషయం కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను.

ముందు ఆ భయం తీసెయ్యండి. గట్టిగా ఏడవడం అబద్ధం కాదు. మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో చావింటికి వచ్చే ఆడవాళ్ళు వీధి మొదట్లో ఆటో దిగుతూనే ఏడుపు అందుకుంటారు. ఇంటావిడ మెడ పట్టుకుని శోకాలు పెడతారు. ఆ శోకంలో రాగం ఉంటుంది, పోయినాయన చరిత్ర ఉంటుంది. "ఎండనక వాననక చేలో పడి సంపాదించినావే నాయనా, కూర్చుని తినే పొద్దుకు యాడికి పోయినావే" అని ఒకావిడ ఎత్తుకుంటే పక్కావిడ అక్కడినుంచి అందుకుంటుంది. కాసేపటికి అదే మనిషి ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుని, "పిల్లకాయలు ఏమన్నా తిన్నారా?" అని అడుగుతుంది. ఇది నటన కాదు. ఒక్కళ్ళు మోయలేని బరువును నలుగురూ పట్టే పద్ధతి. తర్వాతి బంధువు రాగానే మళ్ళీ మొదలవుతుంది. పట్నంలో పెరిగిన డైరెక్టర్‌కి ఇది అతిగా అనిపించవచ్చు. మీరు మాత్రం దీన్ని వదులుకోకండి.

మన సీరియల్స్‌లో అబద్ధం వేరేచోట ఉంది. అందరూ ఒకే స్థాయిలో, ఒకే సమయంలో, ఒకే రకంగా ఏడుస్తారు. కెమెరా ఒక్కో మొహం మీదికి మూడేసి సార్లు జూమ్ అవుతుంది. కన్నీళ్ళు తప్ప ఎవరి చేతిలోనూ పని ఉండదు. పై వారానికి అదే ఇంట్లో పట్టుచీరలు కట్టుకుని పుట్టినరోజు చేసుకుంటారు. చావు కథను ముందుకు నెట్టిన ఒక మలుపుగా మిగిలిపోతుంది, మనిషి లేని లోటు ఎక్కడా కనిపించదు. ప్రేక్షకులకు కోపం తెప్పించేది ఇదే.

కాబట్టి నేను చెప్పే ముఖ్యమైన మాట: ప్రతి పాత్ర దుఃఖాన్నీ ఆ మనిషి మీద పడ్డ పనిలో చూపించండి. ఆ పనిని ఏడాదిపాటు నడిపించండి. రెండున్నర గంటల సినిమాకి ఆ వీలు లేదు. వారానికి ఆరు రోజులు జనం ఇళ్ళలోకి వెళ్ళే సీరియల్‌కి ఉంది.

మీ కథలో పెద్దకొడుకుని తీసుకోండి. తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు కొరివి పెట్టడం చాలా ఇళ్ళలో ఆచారం. ఆ రోజు అతనికి ఏడ్చే తీరికే ఉండదు. ఫ్రీజర్ బాక్స్ ఎవరి దగ్గర ఖాళీగా ఉందో కనుక్కోవాలి. పాడె కట్టేవాళ్ళకి, డప్పుల వాళ్ళకి, షామియానాకి డబ్బులు ఇవ్వాలి. బెంగుళూరు నుంచి చెల్లెలు వచ్చేదాకా ఆగాలా, పొద్దుగూకేలోపు ఎత్తాలా అని పెద్దలు అడిగితే తేల్చి చెప్పాలి. చిన్నాయన జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టుకుని ఖర్చు రాస్తుంటాడు. కొడుకు దుఃఖం ఆ రోజు తొందరలోనే ఉంటుంది. మాటలు పొట్టిగా, గొంతు కటువుగా, కళ్ళు పొడిగా ఉంటాయి. "రాయి మనిషి, కంట తడి పెట్టలేదు" అని వెనక ఎవరో అంటారు. ఆ మాటను భార్య వినాలి, అతను వినకూడదు.

మీ కథ పొగాకుది కాబట్టి మీ దగ్గర ఒక గొప్ప వనరు ఉంది. చావును జనవరి, మార్చి మధ్యలో పెట్టండి. అప్పుడు బ్యారన్లలో, అంటే ఆకును వేడి మీద ఎండబెట్టే గదుల్లో, క్యూరింగ్ జరుగుతుంటుంది. ఆకు ఎక్కించి మంట పెట్టాక అయిదారు రోజులు వేడి అదుపు తప్పకూడదు. ముందు ఆకు పసుపు రంగుకు తిరగాలి, తర్వాత ఆ రంగు నిలబడాలి, చివరికి ఈనె కూడా ఎండాలి. మధ్యలో మంట చెడితే రంగు పాడవుతుంది, వేలంలో రేటు పడిపోతుంది. నాయన పోయిన రాత్రి బ్యారన్లో ఆకు ఉంది. ఇంటి ముందు జనం ఉన్నారు. మంట చూసే మనిషి వచ్చి వాకిట్లో ఒక పక్కన నిలబడతాడు. అడగాలంటే నోరు రాదు, అడక్కపోతే పంట పోతుంది. కొడుకే లేచి వెళతాడు. బ్యారన్ తలుపు పక్కన నాయన సుద్దముక్కతో రాసిన వేడి లెక్కలు ఉంటాయి, నిన్న సాయంత్రం దాకా. దాని కింద కొడుకు తన చేతిరాతతో ఈ రాత్రి అంకె వేస్తాడు. ఈ సీన్‌కి డైలాగ్ రాయకండి. అతను ఏడవాలనుకుంటే అక్కడ ఏడుస్తాడు, లేకపోతే లేదు. అది నటుడికి వదిలేయండి.

అదే దారం మార్చి తర్వాత మళ్ళీ పట్టుకోవచ్చు. బేళ్ళు వేలం కేంద్రానికి వెళతాయి. లైసెన్సు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. సంగతి తెలియని పక్క ఊరి రైతు ఒకాయన, "ఏమబ్బాయా, నాయన రాలేదా?" అని మామూలుగా అడుగుతాడు. చావు రోజు ఏడవని కొడుకు అక్కడ, అంతమంది మగవాళ్ళ మధ్య, బేళ్ళ చాటున కూలబడతాడు. రెండు నెలలు ఆపిన ఏడుపు కాబట్టి దానికి మ్యూజిక్ అవసరం రాదు.

కోడలి విషయంలో చాలామంది రచయితలు గుడ్డిగా పోతారు. ఆమెకు ఏడ్చే హక్కు లేదన్నట్టు ఉంటుంది ఇంట్లో. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు, చుట్టుపక్కల వాళ్ళు వండి తెచ్చిన అన్నం వడ్డించడం, పిల్లల్ని చూసుకోవడం ఆమె పని. కానీ ఆ ఇంట్లో ఆమెతో ప్రేమగా మాట్లాడిన ఒక్క మనిషి మామయ్యే అయితే? అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ఇలాంటి దాని గురించి రాశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గుర్తించని, ఓదార్చని దుఃఖం అది. కోడలు, పాలేరు, విడిపోయిన భార్య, పాత స్నేహితుడు ఇలాంటి వాళ్ళందరిదీ అదే. సీరియల్ రచయితకు ఇది బంగారు గని. ఎవరూ పలకరించని మనిషిని ఎవరో ఒకరు పలకరించే సీన్ రాయండి. పాలేరు వచ్చి, "అమ్మా, అయ్య పోయేముందు రోజు కూడా మీ చేతి మజ్జిగ గురించే చెప్పాడు" అంటే చాలు, ఇక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు.

పిల్లల్ని పెద్దవాళ్ళలా ఏడిపించకండి. ఎక్కువమంది పిల్లలకు అయిదు నుంచి ఏడేళ్ళ మధ్యలో గానీ పోయినవాళ్ళు ఇక రారన్న సంగతి పూర్తిగా అర్థం కాదు. నాలుగేళ్ళ మనవడు షామియానా కింద కుర్చీలతో ఆడతాడు, జనం వచ్చినందుకు సంతోషిస్తాడు, రాత్రికి జేజి (నానమ్మ) దగ్గర పడుకుని "తాత ఆ పెట్టెలో చలికి వణకడా?" అని అడుగుతాడు. కాసేపు ఏడ్చి వెంటనే ఆటలో పడతాడు. పదేళ్ళ మనవరాలు అయితే ఏమీ అడగదు. బడిలో గొడవ పడుతుంది, లేదా అమ్మకు కాస్త దగ్గొచ్చినా హడలిపోతుంది.

ఇక మీ విలన్ గురించి. ఆడపడుచుకు ఆ రోజు కూడా మూతి విరుపు, వంకర నవ్వు రాయమంటారు. రాయకండి. ఆమెకు పోయింది తండ్రి. ఆమెను అందరికంటే నిజంగా ఏడవనివ్వండి. పదకొండో రోజు దాటాక పొలం పంపకం దగ్గర ఆమె పాత స్వభావం తిరిగి వస్తుంది, అప్పుడు ప్రేక్షకులకు ఆమె మీద కోపంతో పాటు జాలి కూడా ఉంటుంది. గొడవ కూడా ఎకరాల దగ్గర మొదలుపెట్టకండి. నాయన చేతి గడియారం ఎవరికి అన్నదాని దగ్గర మొదలుపెట్టండి.

భార్య పాత్ర గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం స్లో మోషన్లో, ఉరుములతో, మూడు కోణాల నుంచి చూపించే పద్ధతి మానుకోవాలి. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఇన్నేళ్ళ తర్వాత మనం ఒక ఆడమనిషి అవమానాన్ని ప్రోమోగా అమ్ముకోవడం నాకు బాధగా ఉంటుంది. ఆ ఆచారాన్ని లేనట్టు దాచిపెట్టమనడం లేదు. ఉన్న ఇళ్ళలో ఉంది, మానేసిన ఇళ్ళూ ఉన్నాయి. చూపిస్తే తలుపు బయటినుంచి చూపించండి. లోపల ముసలమ్మలు, బయట నిలబడ్డ కూతురు. లేదా పుట్టింటి వాళ్ళు తెచ్చిన కొత్త చీరను చేతిలో పట్టుకుని ఆమె తమ్ముడు ఎలా ఇవ్వాలో తెలియక నిలబడిపోవడం చూపించండి. కూతురు అడ్డం పడి, "మా అమ్మ గాజులు ముట్టుకోవద్దు పెద్దమ్మా" అంటే ఆ గొడవ కూడా నిజమే. ఈ రోజుల్లో ఎన్నో ఇళ్ళలో జరుగుతోంది.

ఇప్పుడు నేను అన్నిటికంటే విలువైనదిగా భావించే సంగతి. పలకరింపులు. కర్మంతరం దాకా, ఆ తర్వాత కూడా, మనుషులు పలకరించడానికి వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతి ఒక్కరూ అదే అడుగుతారు: "ఎట్టా జరిగిందమ్మా?" ఆమె ప్రతిసారీ మొదటినుంచి చెప్పాలి. "పొద్దున బాగానే లేచాడు. కాఫీ తాగాడు. చేలోకి పోయొచ్చాడు. స్నానానికి నీళ్ళు తోడమన్నాడు..." మొదటి రోజు ఆ మాటలు ముక్కలుగా వస్తాయి, మధ్యలో ఆగిపోతుంది. మూడో రోజు చిన్నదినం నాటికి వరస కుదురుతుంది. పదో రోజుకి ఆమెకు అది కంఠతా వచ్చేస్తుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ వినేవాళ్ళు "అయ్యో" అంటారో తెలిసిపోతుంది. పరాయి వాళ్ళకి ఆమె అలవాటుగా చెబుతున్నట్టు కనిపించవచ్చు. కానీ అన్నిసార్లు చెప్పుకోవడం వల్లే ఆ మనసు జరిగినదాన్ని కొంచెం కొంచెంగా ఒప్పుకుంటుంది.

దీన్ని సీరియల్‌లో వాడుకోండి. ఆమె కథను మూడు నాలుగు చోట్ల వినిపించండి, ప్రతిసారీ వేరే మనిషికి. ప్రతిసారీ ఒక చోట, స్నానానికి నీళ్ళు తోడటానికీ ఆయన పడిపోవడానికీ మధ్య, ఏదో దాటేస్తోందని కూతురికి అనుమానం రావాలి. ప్రేక్షకులకు కూడా. నెల దాటాక, ఎవరూ లేనప్పుడు, కూతురు తల దువ్వుతూ ఉండగా ఆమె ఆ ముక్క చెబుతుంది: "ఛాతీలో పట్టేసినట్టుంది అన్నాడే. గ్యాస్ అయ్యుంటుందిలే, వాము నమలమన్నా." అంతే. ఇన్నాళ్ళూ ఆమె మోసింది ఇది. ఇంట్లో ఎవరైనా పోతే మిగిలినవాళ్ళలో చాలామంది ఇలాంటి ఒక మాటను మోస్తూ ఉంటారు. ఇక్కడ కూతురు గొప్ప ఓదార్పు డైలాగ్ చెప్పకూడదు. దువ్వెన ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది.

పలకరింపులకు మన పద్ధతులు కొన్ని ఉన్నాయి, డైరెక్టర్‌కి చెప్పి పెట్టుకోండి. చావింటి నుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పరు, మాట లేకుండా లేచి వెళ్ళిపోతారు. కాలేజీలో కూతురితో చదివిన ఉత్తరాది అమ్మాయి తెలియక, "వెళ్ళొస్తానాంటీ" అనేస్తే ఆ పంచలో ఒక్క క్షణం అందరూ బిగుసుకుపోవడం, పోయినాయన భార్యే "పర్లేదులే తల్లీ, జాగ్రత్తగా పో" అనడం, ఇలాంటివి పెద్ద డైలాగుల కంటే బాగా పనిచేస్తాయి.

ఛానల్ మీటింగ్‌లో ఎవరో ఒకరు దుఃఖానికి అయిదు దశలంటూ మాట్లాడతారు. తిరస్కారం, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం. మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో చెప్పిన మాట అది. ఆమె మాట్లాడింది చావు దగ్గరపడ్డ రోగులతో. బతికున్నవాళ్ళు ఈ మెట్లన్నీ వరసగా ఎక్కుతారని దాన్నిబట్టి రాసుకోకూడదు. వారానికో దశ చొప్పున పంచుకుంటే పాత్రలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మన పనికి ఎక్కువ సాయపడేది 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షట్ అనే పరిశోధకులు చెప్పిన మాట. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపులకీ ఊగుతూ ఉంటాడు. కాసేపు పోయినవాళ్ళ తలపుల్లో మునుగుతాడు, కాసేపు బతుకు సర్దుకునే పనుల్లో పడతాడు. మళ్ళీ వెనక్కి వెళతాడు. సీరియల్ నడిచే తీరే అది కదా. ఒక సీన్ ఫోటో ముందు, తర్వాతి సీన్ మోటారు స్టార్టర్ కాలిపోయిందని మెకానిక్ దగ్గర. నవ్వే సీన్ పెట్టడానికి కూడా వెనకాడకండి. నవ్విన మనిషి వెంటనే తప్పు చేసినట్టు చుట్టూ చూడటం దుఃఖంలో భాగమే.

ఇక ఏడాది లెక్క. ఈ కాలంలో చావు తర్వాత కాగితాల పని చాలా ఉంటుంది, తెర మీద అది దాదాపు ఎక్కడా కనిపించదు. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ధ్రువీకరణ పత్రం పట్టుకుని బ్యాంకుకి, తహసీల్దార్ ఆఫీసుకి తిరగాలి. అర్హత ఉన్న ఇల్లయితే ఆమె సచివాలయంలో వితంతు పింఛనుకు అర్జీ పెడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. మొదటి నెల ఆ డబ్బు చేతికి వచ్చినప్పుడు ఆమె దాన్ని ఎక్కడ పెడుతుంది, దేనికి ఖర్చు పెట్టలేకపోతుంది అన్నది ఒక మంచి సీన్. గ్యాస్ బుక్ చేస్తే ఓటీపీ నాయన ఫోన్‌కే వస్తుంది. ఆ నంబర్ అన్నిటికీ లింక్ అయి ఉందని చెప్పి కొడుకు ప్రతి నెలా రీచార్జ్ చేయిస్తాడు. అన్నీ మార్చుకున్నాక కూడా చేయిస్తూనే ఉంటాడు. చిన్నకూతురి పెళ్ళిపత్రికలో ఆయన పేరుకు ముందు కీ.శే. అని మొదటిసారి అచ్చులో చూసి ఆ పిల్ల పత్రిక మూసేస్తుంది. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు తాత, జేజిల పక్కన ఈసారి నాయన పంచె కూడా పెట్టాలి.

నెల్లూరులో కొంత షూటింగ్ ఉంటుందన్నారు కాబట్టి రొట్టెల పండుగను మర్చిపోకండి. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. హిందువులు కూడా పెద్దసంఖ్యలో వస్తారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్యం రొట్టె అని కోరిక పేరుతో పట్టుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడు వచ్చి రొట్టె ఇస్తారు. పోయిన ఏడాది భర్త కోసం ఆరోగ్యం రొట్టె పట్టుకున్న ఆవిడ ఈ ఏడు ఏం చేస్తుంది? రాదా? వచ్చి గట్టు మీద కూర్చుంటుందా? ఎవరో ఆరోగ్యం రొట్టె కావాలని అడుగుతుంటే నీళ్ళలోకి దిగి, తన చేతిలోది ఇచ్చేస్తుందా? నేనైతే మూడోది రాస్తాను.

అన్ని ఇళ్ళూ ఒకే మతం కాదన్నది కూడా గుర్తుంచుకోండి. నెల్లూరు ముస్లిం ఇంట్లో నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన ఉంటుంది, భార్య 4 నెలల 10 రోజులు ఇద్దత్ అనే గడువు పాటిస్తుంది. ఇంట్లో అందరూ బయటి పనుల్లో పడ్డాక ఆమె ఒక్కతే ఆ గడువులో మిగలడం ఒక పూర్తి కథ. ప్రకాశంలో బాప్టిస్టు క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల అది. అక్కడ భూస్థాపన తర్వాత ఆదరణ కూడిక పెడతారు, పాటలు పాడతారు, పోయిన మనిషి గురించి ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెబుతారు. పొలంలో మీ నాయనతో కలిసి పనిచేసిన క్రైస్తవ కుటుంబం ఒకటి కథలో ఉంటే, వాళ్ళు దుఃఖాన్ని మోసే తీరు పక్కనే చూపించవచ్చు.

చచ్చిపోయినవాళ్ళను తిరిగి తెచ్చే అలవాటు గురించి రెండు మాటలు. 2000లో మొదలైన హిందీ సీరియల్ 'క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ'లో హీరో మిహిర్ చనిపోతే ప్రేక్షకులు గొడవ చేశారు, అతన్ని మళ్ళీ బతికించారు. మన 'కార్తీకదీపం'లో ప్రమాదం తర్వాత హీరోయిన్ వంటలక్క పోయిందనుకున్న వాళ్ళకి ఆమె తిరిగి కనిపించింది. ప్రేక్షకులు సంతోషించారు, నిజమే. కానీ దాని ఫలితంగా ఇప్పుడు తెర మీద ఎవరు పోయినా చూసేవాళ్ళు ఏడవడానికి ముందు ఆగి, శవాన్ని చూపించారా లేదా అని చూస్తారు. మీ నాయన నిజంగా పోయాడని మొదటి ఎపిసోడ్‌లోనే తేల్చేయండి. మొహం చూపించండి, చితి చూపించండి. ఆ నటుడు మళ్ళీ రాడని ఛానల్ దగ్గర ముందే మాట తీసుకోండి. మాట ఇవ్వకపోతే ఈ ఏడాది ప్లాన్ అంతా వదిలేయండి, నిలబడదు.

సౌండ్ విషయం త్వరగా చెప్పేస్తాను. మన ఊళ్ళలో మైకులో ఘంటసాల భగవద్గీత వినపడితే ఎవరో పోయారని ఊరంతటికీ తెలుస్తుంది. ఫ్రీజర్ బాక్స్ మోటారు రొద రాత్రంతా ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళిపోయాక వచ్చే నిశ్శబ్దం ఆ ఇంట్లో అందరికీ తెలుస్తుంది. వీటిని వినిపించి, వయొలిన్లు తగ్గించమనండి.

నటుల దగ్గర మూడు ఇబ్బందులు వస్తాయి. ఒకటి, మన సీరియల్స్‌లో చాలామందికి తెలుగు రాదు, పక్కనుంచి ఎవరో డైలాగ్ అందించే ప్రాంప్టింగ్ మీద నడుస్తుంది. శోకాలు ప్రాంప్టింగ్‌తో రావు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి పెద్ద వయసు ఆడవాళ్ళను తెప్పించి, వాళ్ళకు తగిన డబ్బిచ్చి, వాళ్ళ గొంతుతో పెట్టించండి. ముఖ్య నటి వాళ్ళ మధ్యలో మాట లేకుండా కూర్చుంటే సరిపోతుంది. రెండు, గ్లిజరిన్ కంట్లో నీళ్ళు తెప్పిస్తుంది గానీ ఊపిరినీ గొంతునూ మార్చదు. అందుకే ఏడ్చే సీన్లలో చేతికి పని ఇవ్వండి. బియ్యం ఏరడం, మందుల కవర్లు సర్దడం, నాయన చొక్కా జేబుల్లో వెతకడం. పని మధ్యలో ఆగిన చెయ్యి కన్నీటి కంటే బాగా మాట్లాడుతుంది. మూడు, కొరివి పెట్టే నటుడు గుండు చేయించుకోనంటాడు, ఇంకో సీరియల్ ఉందంటాడు. తలకు తువ్వాలు చుట్టి నెట్టుకురావడం చూస్తుంటేనే తెలిసిపోతుంది. దానికంటే పెద్దకొడుకు విదేశంలో చిక్కుపడి వీడియో కాల్‌లో చూశాడని, చిన్నకొడుకు కొరివి పెట్టాడని కథ మార్చండి. అలా మారిస్తే బ్యారన్ సీను, వేలం సీను కూడా చిన్నవాడికి ఇచ్చేయండి. పెద్దవాడికి వేరే బాధ మిగులుతుంది. ఫోన్ పట్టుకున్న బంధువు చెయ్యి వణికితే, "కొంచెం దగ్గరగా పెట్టరా, మొహం కనపడట్లేదు" అని అక్కడినుంచి అడిగే కొడుకు బాధ తక్కువదేమీ కాదు.

ఒక హెచ్చరిక. పోయినవాళ్ళ కోసం ప్రాణం తీసుకోవడాన్ని ప్రేమగా చూపించవద్దు, భార్యతో ఆ మాట డైలాగ్‌గా కూడా అనిపించవద్దు. చూసేవాళ్ళలో నిన్నగాక మొన్న మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారు. కుంగుబాటు చూపించాల్సి వస్తే ఆ ఎపిసోడ్ కింద టెలీ మానస్ ఉచిత హెల్ప్‌లైన్ 14416 నంబర్ స్క్రోలింగ్ వేయమని అడగండి. 2022 అక్టోబర్ నుంచి రాత్రింబవళ్ళు నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు. ఏడాది దాటినా మనిషి రోజూ అదే తీవ్రతతో, పనీపాటా చేసుకోలేని స్థితిలో ఉంటే డాక్టర్లు దాన్ని చికిత్స అవసరమైన పరిస్థితిగా చూస్తారు. కథలో డాక్టర్ పాత్రను తెచ్చేది అప్పుడే.

ఛానల్ వాళ్ళతో ఇలా మాట్లాడండి. చావు, దహనం మూడు ఎపిసోడ్లు. చిన్నదినం ఒకటి, కర్మంతరం రెండు. ప్రోమోకి బెంగుళూరు కూతురు వీధి మొదట్లో దిగి పరిగెత్తుకుంటూ వచ్చే షాట్, తల్లి మెడ పట్టుకునే షాట్ ఇవ్వండి. వాళ్ళు అడిగిన కన్నీళ్ళు అందులో నిండుగా ఉంటాయి. మిగతా సీన్లన్నీ తర్వాతి నెలల్లో వేరే కథల మధ్య వారానికొకటి చొప్పున వస్తాయని కాగితం మీద రాసి చూపించండి. ఆ కాగితంలో వాము సీన్‌ను ఆరో వారంలో పెట్టండి. దాన్ని మాత్రం తల్లి పాత్రధారికి వారం ముందే ఇచ్చి, ప్రాంప్టింగ్ లేకుండా, కట్ లేకుండా ఒకే షాట్‌లో తీయమని డైరెక్టర్‌ని ఇప్పుడే ఒప్పించుకోండి. షెడ్యూల్ మొదలయ్యాక ఆ టైమ్ ఎవరూ ఇవ్వరు.